ఇంటి రిఫ్రిజిరేటరు చల్లబరచకపోవుట

ఇంటిలో వాడే రిఫ్రిజిరేటరు లోపలి ఉష్ణోగ్రత ఉండవలసిన స్థాయికి దిగకపోవడాన్ని, లేదా దిగినా అక్కడ నిలవకపోవడాన్ని వాడుకలో ‘కూలింగ్ లేకపోవడం’ అంటారు. రిఫ్రిజిరేటరునే వాడుకలో ఫ్రిజ్ అని పిలుస్తారు. ఈ లోపం కనబడగానే చాలామంది ‘గ్యాసు అయిపోయింది’ అనుకుంటారు. నిజానికి గ్యాసు పోవడం కంటె ముందుగా చూడవలసిన కారణాలు అనేకం ఉన్నాయి. వాటిలో చాలావరకు ఇంటివారే ఏ పనిముట్టూ లేకుండా గుర్తించవచ్చును. ఈ వ్యాసంలో ఆ కారణాలు, వాటిని పరీక్షించే క్రమం వివరించబడ్డాయి. ఫ్రిజ్ పనితీరు చుట్టూ ఉన్న వేడిమి, దుమ్ము, విద్యుత్ సరఫరాలను బట్టి మారుతుంది కనుక ఉదాహరణలు హైదరాబాదుకు దక్షిణాన ఉన్న శంషాబాదు, విమానాశ్రయ పరిసర గ్రామాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని ఇవ్వబడినవి. తెలుగునాట మిగిలిన ప్రాంతాలకు కూడా ఇవి దాదాపుగా వర్తిస్తాయి.

ఎంత చల్లగా ఉండాలి

ఫ్రిజ్ కింది అరలలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్, అంతకంటె తక్కువ ఉండాలి. ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీలు ఉండడం ఉత్తమం. 5 నుండి 60 డిగ్రీల మధ్య ఆహారాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. అనుకూల పరిస్థితులలో కొన్ని రకాల బాక్టీరియా ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపు కాగలదు. చల్లదనం సూక్ష్మజీవులను చంపదు, వాటి పెరుగుదలను మందగింపజేస్తుంది. అందుచేత ఫ్రిజ్‌లో పెట్టిన పదార్థం ఎప్పటికీ చెడదు అనుకోవడం సరికాదు.

శంషాబాదులో 2008 మార్చిలో ప్రారంభమైన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయపు సరుకు రవాణా విభాగంలో మందుల కోసం ఉష్ణోగ్రత నియంత్రణ గల ప్రత్యేక ప్రదేశం ఉన్నది. మందులలో కొన్నిటిని 15 నుండి 25 డిగ్రీల మధ్య, కొన్నిటిని 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచుతారు. 2021 మే 1న రష్యా నుండి స్పుత్నిక్-వి కోవిడ్ టీకాల మొదటి విడత దిగినది ఈ విమానాశ్రయంలోనే. ద్రవరూపంలోని ఆ టీకాను మైనస్ 18 డిగ్రీలు, అంతకంటె తక్కువ ఉష్ణోగ్రతలో ఉంచవలసి ఉంటుంది. అంటే విమానాశ్రయ శీతల గిడ్డంగి పాటించే కొలతలు, ఇంటి ఫ్రిజ్ పాటించవలసిన కొలతలు ఇంచుమించు ఒకటే. తేడా ఏమిటంటే అక్కడ ఉష్ణోగ్రతను నిరంతరం కొలిచి నమోదు చేస్తారు, ఇంటిలో ఎవరూ కొలవరు. చేయి పెట్టి చూసి ‘చల్లగానే ఉంది’ అనుకుంటారు. బయట 40 డిగ్రీలు ఉన్న రోజున 15 డిగ్రీలు కూడా చేతికి చల్లగానే తగులుతుంది. పాలు మాత్రం ఆ తేడాను పసిగడతాయి.

కొలవడానికి చిన్న థర్మామీటరు చాలు. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు, దాని కొలత 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. మైనస్ విలువలు చూపే మామూలు థర్మామీటరును ఒక గ్లాసు నీటిలో ముంచి, మధ్య అరలో రాత్రంతా ఉంచి, ఉదయం తలుపు తీయగానే చూడాలి. గాలిలో ఉంచితే తలుపు తీసినప్పుడల్లా కొలత మారుతుంది, నీటిలో అంత త్వరగా మారదు.

థర్మామీటరు లేనివారికి వంటింటి గుర్తులు కొన్ని ఉన్నాయి. దోసెల పిండి ఫ్రిజ్‌లో పెట్టినా మరునాటికి పొంగి గిన్నె అంచు దాటడం, నిన్నటి పాలు కాచగానే విరిగిపోవడం, తోడుకున్న పెరుగు ఒక్కరోజులో పుల్లబడడం వీటిలో ముఖ్యమైనవి. ఇవి ఫ్రిజ్ పూర్తిగా ఆగిపోక ముందే కనబడతాయి.

పనిచేసే విధానం

ఫ్రిజ్ చలిని తయారుచేయదు. లోపల ఉన్న వేడిని తీసుకొని బయటకు మోసుకుపోతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే లోపాలను కనుగొనడం సులభమవుతుంది.

మూసి ఉన్న గొట్టాల వలయంలో శీతలకారి అనే పదార్థం తిరుగుతూ ఉంటుంది. దీనినే వాడుకలో గ్యాసు అంటారు. వెనుకవైపు అడుగున నల్లని గుండ్రని డబ్బాలా కనబడేది కంప్రెసరు. ఇది వాయురూపంలోని శీతలకారిని అధిక పీడనానికి నొక్కుతుంది. నొక్కబడిన వాయువు వేడెక్కి కండెన్సరు గొట్టాలలోకి పోతుంది. అక్కడ తన వేడిని గది గాలికి వదలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం తేమను పీల్చే ఫిల్టరు గుండా వెళ్లి, సన్నని క్యాపిలరీ గొట్టంలో ప్రవేశిస్తుంది. ఈ గొట్టం లోపలి రంధ్రం ఒక మిల్లీమీటరు కంటె సన్నగా ఉంటుంది. దాని నుండి బయటపడేసరికి పీడనం పడిపోయి, ద్రవం ఇవాపరేటరులో తక్కువ ఉష్ణోగ్రత వద్దనే మరగడం మొదలుపెడుతుంది. మరగడానికి కావలసిన గుప్తోష్ణాన్ని ఫ్రీజరు నుండి తీసుకుంటుంది. మళ్లీ వాయువుగా మారి కంప్రెసరుకు చేరుతుంది.

ఒకే తలుపు గల మామూలు ఫ్రిజ్‌లలో ఫ్రీజరు గోడలే ఇవాపరేటరు. చల్లగాలి దానంతట అదే కిందికి దిగుతుంది. మంచు పేరుకుంటే బొత్తాము నొక్కి కరిగించాలి. ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో ఇవాపరేటరు ఫ్రీజరు వెనుక పలక చాటున ఉంటుంది. ఒక చిన్న పంకా ఆ చల్లగాలిని అన్ని అరలకు పంపుతుంది. పేరుకున్న మంచును కొన్ని గంటలకు ఒకసారి ఒక హీటరు కరిగిస్తుంది. కంప్రెసరు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది థర్మోస్టాటు. దాని మీటపై ఉన్న అంకెలు డిగ్రీలు కావు. చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగిన కొలదీ చల్లదనం పెరుగుతుంది. 1 దగ్గర పెడితే ఒక డిగ్రీ ఉంటుందని భావించి వేసవిలో తగ్గించి పెట్టేవారు లేకపోలేదు.

వేసవిలో ఏమి జరుగుతుంది

శంషాబాదు దక్కను పీఠభూమిపై సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది. ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీలు దాటుతుంది. హైదరాబాదులో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. రేకుల కప్పు గల గదులలో బయటి కంటె కూడా వేడి ఎక్కువగా ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గది 30 డిగ్రీలు ఉన్నపుడు ఒక ఫ్రిజ్ కంప్రెసరు సగం సమయం తిరిగి, సగం సమయం ఆగుతున్నదని అనుకుందాం. లోపల 4 డిగ్రీలు ఉంటే లోపలికి, బయటకు తేడా 26 డిగ్రీలు. గది 42 డిగ్రీలకు చేరితే ఈ తేడా 38 అవుతుంది. గోడల గుండా లోపలికి చొచ్చుకువచ్చే వేడి ఈ తేడాకు అనుపాతంలో ఉంటుంది కనుక అది దాదాపు 46 శాతం పెరుగుతుంది. అదే సమయంలో కండెన్సరు కూడా వేడిగాలిలో ఉండడంచేత వేడిని మోసే సామర్థ్యం తగ్గుతుంది. ఇవాపరేటరు మైనస్ 20 డిగ్రీల వద్ద ఉండి, కండెన్సరు 45 నుండి 60 డిగ్రీలకు పెరిగితే సిద్ధాంతరీత్యా ఆ తగ్గుదల ఐదవవంతు వరకు ఉంటుంది. ఈ రెండిటినీ కలిపి లెక్కిస్తే, సగం సమయం తిరిగే కంప్రెసరు ఇప్పుడు నూటికి తొంబై వంతుల సమయం తిరగాలి.

ఇందులో రెండు విషయాలు తెలుస్తున్నాయి. మొదటిది, మే నెలలో కంప్రెసరు దాదాపు ఆగకుండా తిరగడం దానంతట అదే లోపం కాదు. రెండవది, మిగిలిన పదివంతుల వెసులుబాటు చాలా స్వల్పం. కండెన్సరుపై కాస్త దుమ్ము, తలుపు రబ్బరులో చిన్న సందు, ఒక గిన్నె వేడి పప్పు, వీటిలో ఏది చేరినా ఆ వెసులుబాటు హరించుకుపోతుంది. జనవరిలో చక్కగా పనిచేసిన ఫ్రిజ్ మేలో చల్లబరచకపోవడానికి కారణం తరచు ఇదే. లోపం జనవరిలోనూ ఉన్నది, కాని అప్పుడు దానిని భరించే శక్తి యంత్రానికి ఉన్నది.

నీటి సీసాల సంగతి చూద్దాం. ఇంటిపైన నల్లని ట్యాంకులోని నీరు వేసవిలో 40 డిగ్రీలకు చేరడం మామూలే. అటువంటి నీటితో ఐదు లీటరు సీసాలు నింపి లోపల పెట్టితే, వాటిని 5 డిగ్రీలకు దింపడానికి సుమారు 735 కిలోజౌళ్ల వేడిని తీయాలి. ఫ్రిజ్ వేడిని తీసే సామర్థ్యం 100 వాట్లు అనుకుంటే, అది ఈ పని మాత్రమే చేసినా రెండు గంటలు పడుతుంది. పైన చెప్పినట్లు పదివంతులే మిగులు ఉంటే ఇరవై గంటలు కావాలి. అందాకా పక్కనున్న పాలు కూడా వెచ్చబడుతూనే ఉంటాయి. నీటిని ముందుగా రంజనులో చల్లార్చి, తరువాత సీసాలకు పోయడం మేలైన పద్ధతి. పొడిగాలి వీచే మే నెలలోనే రంజను బాగా పనిచేస్తుంది, ఫ్రిజ్ అలసిపోయేదీ అప్పుడే.

ఫ్రిజ్‌లను అవి పనిచేయగల గది ఉష్ణోగ్రతను బట్టి తరగతులుగా విభజిస్తారు. ‘ఎన్’ తరగతి 32 డిగ్రీల వరకు, ‘ఎస్‌టి’ తరగతి 38 వరకు, ‘టి’ తరగతి 43 వరకు ఉద్దేశించినవి. కొత్తది కొనేటపుడు ఈ అక్షరాన్ని చూడడం మంచిది. విదేశాలలో ఉండి తిరిగివస్తూ అక్కడి ఫ్రిజ్‌ను వెంట తెచ్చుకొనేవారు దీనిని తప్పక గమనించాలి.

పరీక్షించే క్రమం

బయటి నుండి లోపలికి, ఖర్చు లేని దాని నుండి ఖర్చైన దానికి పోవడం సరైన క్రమం. వెనుక భాగాన్ని ముట్టుకొనే ముందు ప్లగ్గు తీసివేయాలి. తలుపు పట్టుకుంటే జివ్వుమనిపిస్తే, మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఎర్తింగు సరిచేయించాలి.

మొదట విద్యుత్ సరఫరా. తలుపు తీస్తే దీపం వెలుగుతున్నదా అని చూడాలి. దీపం వెలగక, శబ్దమూ లేకపోతే ప్లగ్గు, సాకెట్టు, స్టెబిలైజరులలో లోపం ఉండవచ్చును. అదే సాకెట్టుకు వేరొక పరికరం తగిలించి చూస్తే తెలుస్తుంది. దీపం వెలిగి, కొన్ని నిమిషాలకు ఒకసారి వెనుక ‘టక్’ అని శబ్దం వచ్చి ఆగుతుంటే, కంప్రెసరు మొదలవడానికి ప్రయత్నించి విఫలమవుతున్నదని అర్థం. ఓవర్‌లోడ్ రక్షకం దానిని ఆపివేస్తున్నది. (విమానాశ్రయం దగ్గరి ఊళ్లలో ఈ శబ్దం కోసం చెవి ఒగ్గేవారు విమానం దిగిపోయేదాకా ఆగాలి, లేదా కంప్రెసరుపై చేయి ఆనించి చూడాలి.)

ఇటువంటపుడు వోల్టేజిని అనుమానించాలి. మన సరఫరా వోల్టేజి 230. లైను చివరనున్న ఇళ్లకు వేసవి మధ్యాహ్నాలలో, ఏసీలు, బోరు మోటార్లు కలిసి నడిచే వేళ, ఇది బాగా పడిపోవచ్చును. మోటారు మొదలయ్యేటపుడు దానిని తిప్పే బలం వోల్టేజి వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వోల్టేజి 170కి పడితే ఆ బలం 55 శాతమే మిగులుతుంది. దీపం వెలగడానికి అది చాలుతుంది, కంప్రెసరు కదలడానికి చాలదు. స్టెబిలైజరు ఇందుకోసమే. ఇన్వర్టరు కంప్రెసరు గల కొత్త ఫ్రిజ్‌లు కొన్ని ఎక్కువ వోల్టేజి వ్యత్యాసాన్ని తట్టుకుంటాయి. ఆ హద్దు వాటితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వోల్టేజి సరిగా ఉండి కూడా టక్‌మని ఆగుతుంటే రిలే, ఓవర్‌లోడ్, కెపాసిటరు అనే చిన్న భాగాలలో ఏదో ఒకటి పోయి ఉండవచ్చును. ఇవి కంప్రెసరుతో పోలిస్తే చాలా చవక. కంప్రెసరు మార్చాలని ఎవరైనా చెబితే ముందు ఇవి పరీక్షించారా అని అడగడం అవసరం.

కరెంటు పోయి వెంటనే వచ్చినపుడు కూడా కంప్రెసరు మొదలుకాకపోవచ్చును. గొట్టాలలోని అధిక పీడనం సర్దుకోవడానికి మూడు నుండి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధి ఇచ్చే స్టెబిలైజరులు ఉన్నాయి. అవి లేనివారు ఫ్రిజ్ స్విచ్చి ఆపి, ఐదు నిమిషాల తరువాత వేయాలి.

రెండవది కండెన్సరు. పాత ఫ్రిజ్‌లలో ఇది వెనుకవైపు నల్లని జాలీలా కనబడుతుంది. దానిపై దుమ్ము, వంట నూనె పొగ కలిసి మందమైన పొరలా పేరుకుంటాయి. జాతీయ రహదారి పక్కన, కొత్త భవనాలు లేస్తున్న వీధులలో ఆరు నెలలలోనే ఈ పొర కనబడుతుంది. ప్లగ్గు తీసి మెత్తని బ్రష్షుతో దులపాలి. కొత్త ఫ్రిజ్‌లలో కండెన్సరు పక్క గోడల లోపల దాగి ఉంటుంది. పక్కలు వేడిగా తగలడం చూసి కంగారుపడి మెకానిక్కును పిలిచేవారు ఉంటారు. అవి వేడిగా ఉండడమే సరైన పనితీరుకు గుర్తు. పైగా కంప్రెసరు తిరుగుతున్నా పక్కలు ఏమాత్రం వెచ్చబడకపోతేనే అనుమానించాలి.

గోడకు, ఫ్రిజ్‌కు మధ్య కనీసం పది సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. అద్దెగదులలో స్థలం చాలక మూలకు నెట్టడం, పొయ్యి పక్కన పెట్టడం, అందం కోసం పక్కలను కూడా మూసే గుడ్డ కవరు తొడగడం జరుగుతుంటాయి. కవరు తీసి, ఫ్రిజ్‌ను జానెడు ముందుకు జరపడంతోనే తీరిపోయే సమస్యలు ఉన్నాయి.

మూడవది తలుపు రబ్బరు. తలుపునకు, పెట్టెకు మధ్య ఒక నోటు పెట్టి మూసి లాగాలి. పట్టు లేకుండా జారివస్తే అక్కడ సందు ఉన్నట్లు. చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చూడాలి. రాత్రి దీపాలు ఆపి, వెలిగించిన టార్చిని లోపల ఉంచి తలుపు మూసినా వెలుతురు బయటకు కనబడే చోటు తెలుస్తుంది. రబ్బరు మడతలలో చేరిన జిడ్డును సబ్బునీటితో తుడిస్తే తరచు పట్టు తిరిగివస్తుంది. వంకర తిరిగిన చోట వేడినీటిలో ముంచిన గుడ్డ ఆనించి సరిచేయవచ్చును. చిరిగితే మార్చాలి. ఫ్రిజ్ ముందుకాళ్లు కొద్దిగా ఎత్తుగా ఉంటే తలుపు దానంతట అదే మూసుకుంటుంది. వానాకాలంలో ఈ సందుల గుండా తేమగాలి లోపలికి పోయి మంచుగా మారుతుంది కనుక ఆ కాలంలో ఈ లోపం వేరొక రూపంలో, అంటే మంచు పేరుకోవడంగా బయటపడుతుంది.

మంచు విషయం. మామూలు ఫ్రిజ్‌లో ఫ్రీజరు గోడలపై అర సెంటీమీటరు కంటె మందంగా మంచు పేరుకుంటే అది దుప్పటిలా పనిచేసి, చల్లదనాన్ని కిందికి రానివ్వదు. వెంటనే కరిగించాలి. ఈ పనికి చాకు, స్క్రూడ్రైవరు వాడరాదు. ఆ గోడ పలుచని అల్యూమినియం రేకు, దాని లోపలే గ్యాసు గొట్టాలు ఉంటాయి. గట్టిగా ఒక్కపోటు పొడిస్తే రంధ్రం పడి గ్యాసంతా పోతుంది. కొద్దిపాటి లోపం పెద్ద మరమ్మతుగా మారే సందర్భాలలో ఇది ముఖ్యమైనది. స్విచ్చి ఆపి, తలుపు తెరిచి, ఫ్రీజరులో ఒక గిన్నె వేడినీరు ఉంచితే గంటలో మంచు విడిపోతుంది.

ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో వేరొక చిక్కు ఉన్నది. పైన ఐసు గడ్డకడుతుంది, కింద మాత్రం చల్లదనం ఉండదు. గ్యాసు పోతే పైన కూడా సరిగా గడ్డకట్టదు కనుక ఈ లక్షణం కనబడినపుడు గ్యాసు గురించి మాట్లాడడం తొందరపాటే. లోపలి పంకా ఆగిపోవడం గాని, గాలి వచ్చే దారులకు కూరగాయల సంచులు అడ్డుపడడం గాని, మంచు కరిగించే హీటరు, దాని టైమరు లేదా సెన్సారు చెడి ఇవాపరేటరు మొత్తం మంచుగడ్డగా మారడం గాని కారణం కావచ్చును. ఫ్రిజ్‌ను ఖాళీ చేసి, తలుపులు తెరిచి ఒక రోజంతా ఆపి ఉంచి మళ్లీ వేస్తే చక్కగా పనిచేసి, వారం పది రోజులలో లోపం తిరిగివస్తే మంచు కరిగించే భాగాలు చెడినట్లు దాదాపుగా నిశ్చయించుకోవచ్చును. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, మెకానిక్కుకు కూడా పని సులువవుతుంది.

గ్యాసు గురించి

ఫ్రిజ్‌లోని గ్యాసు పెట్రోలువలె ఖర్చయ్యేది కాదు. వలయం మూసి ఉన్నంతకాలం పోసిన గ్యాసు పోసినట్లే ఉంటుంది. గ్యాసు తగ్గిందంటే ఎక్కడో రంధ్రం ఉన్నట్లే. ఆ రంధ్రాన్ని మూయకుండా మళ్లీ గ్యాసు నింపితే కొన్ని వారాలకో, నెలలకో మళ్లీ పోతుంది. ‘ఏటేటా గ్యాసు పట్టిస్తున్నాం’ అని చెప్పేవారి ఇంట జరుగుతున్నది ఇదే.

గ్యాసు తగ్గితే కంప్రెసరు ఆగకుండా తిరుగుతుంది, కండెన్సరు అంతగా వేడెక్కదు, ఇవాపరేటరు మొదటి కొన్ని అంగుళాలలో మాత్రమే మంచు పడుతుంది. వలయంలో తేమ చేరితే మరొక లక్షణం కనబడుతుంది. కొంతసేపు చక్కగా చల్లబరచి, తరువాత ఆగిపోతుంది. ఆపివేసి మళ్లీ వేస్తే మళ్లీ కాసేపు పనిచేస్తుంది. క్యాపిలరీ చివర నీటిబొట్టు గడ్డకట్టి దారి మూయడం, కరిగినపుడు తెరుచుకోవడం దీనికి కారణం. దీనినే చోకింగు అంటారు.

గ్యాసు ఏ రకమో వెనుకనున్న పట్టీపై ముద్రించి ఉంటుంది. పాత ఫ్రిజ్‌లలో ఆర్-12 వాడేవారు. ఇది ఓజోను పొరకు హాని చేసే క్లోరోఫ్లోరోకార్బను. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం, భారతదేశం 1992లో అందులో చేరడం తరువాత దీని వాడకం క్రమంగా మానివేయబడింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయదు గాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటె వెయ్యి రెట్లకు పైగా శక్తి కలది. ఇప్పుడు వచ్చే ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్-600ఎ, అనగా ఐసోబ్యూటేన్ వాడుతున్నారు. ఇది మండే వాయువు, వంటగ్యాసు కుటుంబానికి చెందినది. ఇంటి ఫ్రిజ్‌లో దీని పరిమాణం కొన్ని పదుల గ్రాములే కనుక మామూలు వాడకంలో భయపడవలసినది లేదు. మరమ్మతు చేసేటపుడు మాత్రం జాగ్రత్త అవసరం. గొట్టాలలో గ్యాసు మిగిలి ఉండగా, కిటికీలు మూసిన గదిలో వెల్డింగు మంట వెలిగించరాదు.

ఐసోబ్యూటేన్ మరుగు స్థానం మైనస్ 11.7 డిగ్రీలు. ఇవాపరేటరు అంతకంటె చల్లగా ఉన్నపుడు లోపలి పీడనం వాతావరణ పీడనం కంటె తక్కువగా ఉంటుంది. అందుచేత ఆ భాగంలో రంధ్రం పడితే గ్యాసు బయటకు పోవడానికి బదులు బయటి గాలి, తేమ లోపలికి వస్తాయి. సబ్బు నురుగు పూసి బుడగలు వెదికే పాత పద్ధతి యంత్రం నడుస్తుండగా ఇక్కడ పనిచేయదు.

గ్యాసు నింపే పని సక్రమంగా జరిగినదని చెప్పాలంటే కొన్ని అంశాలు చూడాలి. రంధ్రం ఎక్కడో చూపించగలగాలి. ఫిల్టరును కొత్తది వేయాలి. వాక్యూమ్ పంపుతో గాలిని, తేమను తీసివేయాలి. పట్టీపై రాసిన రకం గ్యాసునే, రాసిన బరువునే తూచి నింపాలి. ఐసోబ్యూటేన్ పరిమాణం స్వల్పం కనుక పది గ్రాముల తేడా కూడా పనితీరును మారుస్తుంది. త్రాసు, వాక్యూమ్ పంపు లేకుండా పావుగంటలో ముగించిన పని ఎక్కువకాలం నిలవదు.

ఫ్రిజ్ ఆగిపోయినపుడు

కరెంటు పోయినా, యంత్రం ఆగినా మొదట చేయవలసిన పని తలుపు తీయకుండా ఉండడం. మూసి ఉంచితే కింది అరలు సుమారు నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజరు రెండు రోజుల వరకు చల్లదనాన్ని నిలుపుతాయని సాధారణంగా చెబుతారు. మన వేసవిలో ఇంతకంటె తక్కువ అనుకోవడమే క్షేమం. పాలు, మాంసం, చేపలు, వండిన అన్నం, కూరలు ముందుగా చెడతాయి. 32 డిగ్రీలకు మించిన వేడిలో ఇటువంటివి గంటకంటె ఎక్కువ ఉంటే తినరాదు. వాసన బాగానే ఉందని నిర్ణయించడం పొరపాటు, రోగం తెచ్చే సూక్ష్మజీవులన్నీ వాసన పుట్టించవు. ఆవకాయ, మాగాయ వంటి ఉప్పు, కారం, నూనె దండిగా ఉన్న ఊరగాయలకు ఫ్రిజ్ అవసరమే లేదు. చోటు చాలనపుడు ముందు వాటిని బయటపెట్టవచ్చును.

మధుమేహం కలవారి ఇంట ఇది ఆహారపు నష్టంతో ఆగదు. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఎక్కువ వేడికి దాని శక్తి తగ్గుతుంది. చూడడానికి మాత్రం మునుపటిలాగే కనబడవచ్చును. చక్కెర అదుపు తప్పినపుడు మోతాదునో, భోజనాన్నో అనుమానిస్తారు గాని ఫ్రిజ్‌ను అనుమానించరు. ఫ్రిజ్ చెడినపుడు ఇన్సులిన్‌ను దగ్గరి మందుల దుకాణంలోనో, పొరుగువారి ఫ్రిజ్‌లోనో ఉంచడం మంచిది. ఐసుముక్కలకు నేరుగా తగిలేలా పెట్టరాదు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగించినా పనికిరాదు. ఈ కారణంచేతనే ఫ్రీజరును ఆనుకొని ఉన్న అరలో కూడా దానిని ఉంచరాదు. చాలాసేపు వేడిలో ఉన్న సీసాను వాడేముందు వైద్యుని అడగాలి.

హైదరాబాదు, ఫ్రిజ్‌లు

ఫ్రిజ్‌ల తయారీలో హైదరాబాదుకు పాత చరిత్ర ఉన్నది. 1942లో నిజాం ప్రభుత్వ పెట్టుబడితో ఏర్పడిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ సనత్‌నగర్ కేంద్రంగా బస్సు బాడీలు, ఇనుప సామాను, ఆ తరువాత రిఫ్రిజిరేటర్లు, చేతి గడియారాలు తయారుచేసింది. ఒక తరం తెలుగు కుటుంబాలకు ఫ్రిజ్ అంటే ఆల్విన్ ఫ్రిజే. కడప జిల్లా నందలూరులో కూడా ఫ్రిజ్‌ల కర్మాగారం నడిచింది. 1990 దశకంలో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్లింది. కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీ అనే పేరులో ఆ జ్ఞాపకం మిగిలి ఉన్నది.

ఆ కాలపు ఫ్రిజ్‌లు ఇంకా కొన్ని ఇళ్లలో నడుస్తున్నాయి. బరువైన కంప్రెసరు, వెనుక బయటకే కనబడే జాలీ ఉండడంచేత వాటిని శుభ్రపరచడం, మరమ్మతు చేయడం సులువు. విద్యుత్తును మాత్రం నేటి వాటికంటె ఎక్కువ తీసుకుంటాయి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు 2010 జనవరి నుండి నక్షత్రాల గుర్తు తప్పనిసరి అయినది. పాతదానికి కంప్రెసరు మార్చవలసి వచ్చినపుడు ఆ ఖర్చును, నెలనెలా వచ్చే కరెంటు బిల్లును కలిపి చూసి నిర్ణయించుకోవాలి. పారవేయదలచిన ఫ్రిజ్‌ను పాత ఇనుము వారికి ఇచ్చి గొట్టాలు కోయిస్తే అందులోని వాయువు గాలిలో కలుస్తుంది. 2022 నాటి ఇ-వ్యర్థాల నిబంధనల పరిధిలోకి రిఫ్రిజిరేటర్లు కూడా వస్తాయి కనుక నమోదైన రీసైక్లింగు సంస్థకు అప్పగించాలి. అంతవరకు వాకిట్లో గాని, మేడపై గాని ఉంచవలసి వస్తే తలుపు ఊడదీసి పెట్టాలి. ఆడుకుంటూ లోపల దూరిన పిల్లలు పాతకాలపు గొళ్లెం తలుపులను లోపలి నుండి తెరవలేరు.